నాయన కారు రంగు

మొన్న ఉదయగిరి నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, తన కొడుకు పెళ్లి ఊరేగింపుకు నాయన కారు కావాలని, అయితే ఆ రంగుతో మాత్రం వద్దని, పెళ్లిలోపు తెల్లరంగు కొట్టించమని చెప్పాడు. "పెళ్లికొడుకు ఎక్కే బండి గదక్కా, బూడిద పూసుకున్నట్టు ఉండాది. ఆ పాత రంగును పట్టుకోని ఎన్నాళ్లు ఏలాడతావు?" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా నా ఒళ్లు మండుతూనే ఉంది. నాయన పోయాక ఆస్తులు పంచుకున్ననాడు ఆ పాత ఇనుము నాకెందుకని కారును నాకు వదిలేసినవాడు, పదిహేనేళ్లుగా నేను కంటికి రెప్పలా చూసుకుంటున్న రంగును బూడిద అంటే మండదా మరి.

మన ఈడువాళ్లకు అంబాసిడర్ సంగతి వేరే చెప్పాలా, బుక్ చేసి ఏళ్ల తరబడి కాచుకుంటే గానీ చేతికి రాని రోజులవి. ఉదయగిరిలో పప్పుల వ్యాపారం చేసే మా నాయన ఆ నీలం కారును ఇంటికి తెచ్చినప్పుడు నేను ఏడో తరగతి, తమ్ముడు మూడో తరగతి. వీధిలో ఎవరికి కాన్పు నొప్పులు వచ్చినా మా ఇంటికే పరుగెత్తుకొచ్చేవాళ్లు, నాయన కంచం ముందు నుంచి లేచి ఆత్మకూరు ఆసుపత్రికి బండి తీసేవాడు. దారిలోనే బిడ్డ పుడితే సీటు కడగడం మా అమ్మ వంతు, సణగడం మా అవ్వ వంతు. అట్లా కారులో పుట్టిన పిల్ల ఒకతె తర్వాత నా దగ్గరే చదువుకుంది, ఎన్నిసార్లు చెప్పినా పదమూడో ఎక్కం మాత్రం రాలేదు, అది వేరే కథ. నాయనకు ఆ కారంటే ప్రాణమే గానీ దాన్నెప్పుడూ దేవుడి గదిలో పెట్టలేదు. షెడ్డు అన్న మాటే లేదు, వాకిట్లో ఎండలోనే నిలబెట్టేవాడు, పైపంచెతో దుమ్ము దులిపి ఎక్కేవాడు.

నేను అట్లా ఉండలేకపోయాను. ఆత్మకూరులో టీచరుగా రిటైరైన నాటి నుంచి నా పగళ్లు సగం ఈ రంగు కాపలాకే పోయాయి. బోరు నీళ్లతో కడిగితే తెల్ల మరకలు పడుతున్నాయని తాగే నీళ్ల క్యాన్లు తెప్పించి కడిగేదాన్ని, దానికి మా ఆయన వీధంతా చెప్పుకుని నవ్వాడు. పాలిష్ పెట్టి తుడిస్తే గుడ్డకు నీలం అంటింది. నాయన రంగు గుడ్డలోకి పోతోందని ఆ డబ్బా అవతల పారేశాను. కవరు కప్పితే గాలికి అదే రాసుకుని గీతలు పడ్డాయి. దసరాకు వచ్చిన చుట్టాలు వద్దు మొర్రో అంటున్నా బానెట్ నిండా పసుపు పూసి, పైన నిమ్మకాయ కోసి పిండి పోయారు, ఆ మరక ఈ రోజుకీ వదల్లేదు. కిరసనాయిలు పెట్టమని ఒకరు, కొబ్బరినూనె పెట్టమని ఇంకొకరు. ఈ ఊళ్లో దేనికి కరువొచ్చినా సలహాలకు రాదు.

తమ్ముడి మాటకు తలొగ్గి కాదు గానీ, డిక్కీ అంచున తుప్పు పట్టింది, అంతవరకు బాగుచేయించి అతని నోరు మూయిద్దామని బస్టాండు దగ్గరి పెయింటింగ్ మేస్త్రి దగ్గరికి కారు తీసుకెళ్లాను. తుప్పు తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని, ఇది మా నాయన చూసిన రంగని, ఇసుమంత తేడా వచ్చినా ఊరుకోనని బడిపిల్లవాడికి చెప్పినట్టు మూడుసార్లు చెప్పాను. పెద్దాయన, నిదానస్తుడు, అన్నిటికీ తల ఊపి డిక్కీ చుట్టూ ఉన్న రబ్బరును మెల్లగా ఊడదీశాడు. "ఇట్రాండి మేడం, మీ నాయన చూసిన రంగు ఇదీ" అన్నాడు.

రబ్బరు కింద బొటనవేలి వెడల్పున ఒక పట్టీ కనిపించింది. నేను కాపాడుకుంటున్న లేత ఆకాశనీలం కాదది. పట్టుచీరల కొట్లో నెమలికంఠం అంటారే, ఆ ముదురు రంగు. మధ్యలో ఎవరో రంగు మార్చి ఉంటారని నేను వాదించబోతే, మేస్త్రి గోరంత మేర గీకి చూపించాడు. కింద ప్రైమరు అనే తొలి పూత, దాని కింద ఇనుము, వేరే రంగే లేదు. "ఈడ ఎండ తగల్లేదు గాబట్టి నిలిచింది. పైనంతా ఎండ తినేసింది మేడం" అన్నాడు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది, ఎవరి మీదంటే చెప్పలేను. తాగే నీళ్లు పోసి, అందరితో తగాదాలు పడి నేను ఇన్నేళ్లూ కాపాడింది నాయన రంగును కాదు, అది వెలిసిపోగా మిగిలినదాన్ని.

ఆ పట్టీకి సరిగ్గా సరిపోయేట్టు రంగు కలిపించి, డిక్కీ మీద అరచేయంత మేర వేయించి తమ్ముణ్ణి రమ్మన్నాను. అతను మధ్యాహ్నం బస్సుకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. తెల్లరంగు ఊసే ఎత్తలేదు. "ఇది మన బండి కాదక్కా. నాకు గుర్తుండాది గదా, మన బండి ఇట్టా ఉండలా" అన్నాడు. ఇదేరా అసలు రంగు అని రబ్బరు కింది పట్టీ చూపించి గట్టిగా కసిరాను గానీ, నిజం చెప్పొద్దూ, నాకూ అట్లాగే ఉంది.

ఇంటికొచ్చి ఇద్దరం పెట్టెలోని ఫొటోలన్నీ తిరగేశాం. ఒక్కటీ రంగుది లేదు, అన్నీ నలుపు తెలుపువే. ఇప్పుడు మా తమ్ముడి కొడుకు దోసె తినాలన్నా ముందు రంగుల్లో నాలుగు ఫొటోలు తీసుకుంటాడు. మనం కళ్లారా చూస్తే చాలనుకున్నవాళ్లం, ఆ చూసింది కూడా ఎండకు వెలిసిపోతుందని మనకెవరు చెప్పారు? అమ్మ ఉంటే ఒక్క మాటలో తేల్చేది. ఆ కారు మొదటిసారి మా వాకిట్లో ఆగిన పొద్దు, నాయన దిగగానే చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డదాన్ని నేను. ఏ రంగు కొట్టమంటారని మేస్త్రి రోజూ ఫోన్ చేస్తున్నాడు, నాకు తెలియదని చెప్పడానికి నోరు రావడం లేదు.