ఇనుప స్తంభం ఉన్న హాలు

మా అమ్మ వయసంతా పనిచేసిన నూలు మిల్లులోనే ఇప్పుడు అమ్మా నేనూ కాపురముంటున్నాం. సాతంరాయి దగ్గర ఏళ్ల తరబడి మూతపడి ఉన్న మిల్లును ఇళ్లుగా మార్చారు. కింద కొట్లు, పైన ఫ్లాట్లు. పాత గోడలూ ఇనుప స్తంభాలూ అలాగే ఉంచేశారు. మా హాలు మధ్యన ఒక స్తంభం. సోఫా ఎటు వేసినా అడ్డమే!

అమ్మ సంబరపడుతుందనుకున్నాను. ఎక్కడ! మిషన్ల హోరులో ఆమె చెవులు ఎప్పుడో పోయాయి. కొత్తచోట ఎవరు పలకరించినా వినబడదు. కొన్నాళ్లకే చీరలు సంచిలో కుక్కి కూర్చుంది.

"నన్ను మైలార్‌దేవ్‌పల్లిల మన పాత కిరాయింట్ల దించి రా. గీడ నాకు మనసున పడ్తలేదు."

"గీ ఇంటి కోసం నేనెంత పరేషాన్ అయిన్నో ఎర్కేనా?" అని అరిచాను. నా గొంతు నొప్పే తప్ప ఆమెకేం వినబడుతుంది? ఏడుపొచ్చింది.

పొద్దు వాలింది. పెద్ద కిటికీల్లోంచి వెలుగు నేలంతా పసుపు ఆరబోసినట్టు పరుచుకుంది. గాలిలో తేలే దుమ్ము దూది నలుసుల్లా కనిపించింది. అమ్మ స్తంభానికి అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. ప్రతి దసరాకీ ఆమె పసుపు కుంకుమ పెట్టిన మిషన్ ఈ స్తంభం పక్కనే ఉండేదట.

"నడుస్తున్నదే! మిల్లు నడుస్తున్నది!" అంది.

దగ్గర్లోని ఎయిర్‌పోర్టుకి దిగే విమానం మా మీదుగా పోతోంది. ఆ అదురే ఇనుములోకి పాకింది. నేనూ చెయ్యి ఆనిస్తే, నిజంగానే నడుస్తున్నట్టుంది.

అమ్మ కిటికీ దగ్గరికెళ్లింది. కింద పూలమ్మే ముసలామె తలెత్తి, అమ్మను చూసి అలాగే నిలబడిపోయింది. తర్వాత రెండు చేతుల వేళ్లూ కలిపి చటుక్కున విడదీసింది. అమ్మ పకపకా నవ్వింది.

ఎవరని సైగ చేశాను.

"నా పక్క మిషన్‌ది! గా హోరుల చేతుల్తోనే మాట్లాడుకునేటోళ్లం. దారం తెగింది, జల్ది రా అంటున్నది."

చెప్పులైనా వేసుకోకుండా దిగిపోయింది. చీకటి పడేదాకా కింద రెండు జతల చేతులు ఆడుతూనే ఉన్నాయి. నేను చీరలన్నీ సంచిలోంచి తీసి బీరువాలో సర్దాను. కిటికీలోంచి నేనూ వేళ్లు కలిపి విడదీశాను.

అమ్మ పరుగున పైకొచ్చింది. "ఏందే, ఏం తెగింది?"

అన్నం వైపు చూపించాను.

"గంతేనా!" అని ఆయాసపడుతూ ఖాళీ సంచిని చూసింది. "ఆమెక్కూడ కంచం పెట్టు. ఇగ నేనేడికి పోత?"