నా పేరు కింద ఖాళీ గడి

రిపోర్టు చేతికి వచ్చిన రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని, జేబులోని చిన్న డైరీలో మూడు మాటలు రాసుకున్నాను. హెచ్‌ఐవీ. మందు ఉంది. ఎప్పుడు. మొదటి రెండింటి కింద గీత గీశాను. మూడోదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. లిఫ్టులు సర్వీసు చేసే ఉద్యోగం నాది. చెక్‌లిస్టు లేకుండా ఏ పనీ మొదలుపెట్టడం నాకు రాదు. ఆ జబ్బు నాకెట్లా వచ్చిందో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

మిగతా పరీక్షల రిపోర్టులన్నీ వచ్చేసరికి ఆషాఢం మొదలైంది. సర్కారు ఆసుపత్రిలో ఈ మందులిచ్చే గదిలో ఒక కౌన్సెలర్ ఉంటుంది, నలభై ఏళ్ల మనిషి. నా కాగితాలన్నీ ఒకటొకటిగా చూసింది. టీబీ లేదు. ఒంట్లో రోగాలను ఆపే కణాల లెక్క కూడా పడిపోలేదు.

“ఇగ ఆలస్యమెందుకు తమ్మీ? ఇయ్యాల్నే మొదలువెట్టు. రోజుకు ఒక్కటే గోలీ.”

“లెక్క మంచిగుంటే తొందరేముంది మేడం?”

“మంచిగున్నప్పుడు మొదలువెడితేనే మంచిగుంటది. పడిపోయినంక లేపుడు కష్టం.”

ఇంటికి బోనాల చుట్టాలు వస్తారని చెప్పాను. అది చాలదనిపించి, ఆషాఢం పోయాక చూస్తానన్నాను.

“మీ లిఫ్టులకు ఆషాఢంల ఆయిల్ పొయ్యరా?” అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. శూన్యమాసంలో కొత్త మిక్సీ పెట్టె కూడా విప్పనివ్వదని అమ్మను ఏటా వెక్కిరించేది నేనే.

ముప్పై గోలీల సీసా ఇచ్చి, రెండు పనులు చెప్పింది. ఒకటి, రోజూ తప్పకుండా కుదిరే టైమ్ చూసుకోవాలి. రెండోది, వీలైతే ఇంట్లోంచి ఒకరిని తీసుకురావాలి. “యాది చేసేటోళ్లు ఒకలుంటే మంచిది. బలవంతం లేదు. వాళ్ల కోసం గోలీ ఆపకు.”

నేను ఆపాను.

పాతబస్తీ జహనుమాలో మాది రెండు గదుల ఇల్లు. బీరువా తాళంచెవి ఎప్పుడూ బీరువాకే వేలాడుతుంది. ఉతికే ముందు అమ్మ ప్రతి జేబూ తిరగేస్తుంది. సీసా కదిలితే గలగలమంటుంది కాబట్టి టూల్ బ్యాగులో, స్క్రూల డబ్బా పక్కన పెట్టాను. అక్కడ ఏది గలగలమన్నా ఎవరూ అడగరు. ఇక మిగిలింది టైమ్. ఇంట్లో నేను ఒంటరిగా ఉండే పది నిమిషాలు ఎక్కడ ఉన్నాయో కనిపెట్టాలనుకున్నాను. పెద్ద కాగితం మీద గళ్లు గీసి, పైన మూడు పేర్లు రాశాను. బాపు, అమ్మ, నేను. ఎవరు ఎన్ని గంటలకు ఎక్కడుంటారో రోజూ నింపడం మొదలుపెట్టాను.

ఒక వారం నింపాను. బోనాల ముందు వారాన్ని మామూలు వారంగా లెక్కపెట్టకూడదనిపించి ఇంకో వారం నింపాను. ఆ తర్వాత నీళ్లొచ్చే టైమ్ మారింది. మూడో వారం కూడా నింపాను. ప్రతిసారీ కారణం సరైనదే. ఇదే పని మా కంపెనీలో కొత్తగా చేరినవాడు చేసి ఉంటే, లిఫ్టు తలుపు తెరవకుండా రిజిస్టరు రాస్తున్నావేమని తిట్టేవాణ్ని.

ఆ మూడు వారాల్లో రోజూ అద్దంలో నాలుక చూసుకున్నాను. మందుల షాపు ముందున్న మిషన్ మీద బరువు చూసుకున్నాను. దగ్గు వస్తే ఎన్నిసార్లు వచ్చిందో గుర్తుపెట్టుకున్నాను. ఏమీ కాలేదు. సీసా మూత విప్పనంతవరకు అది కాగితం మీది సంగతే. మొదటి గోలీ మింగిన క్షణం నుంచి నేను రోగిని. మిగతా కారణాలన్నీ ఆ భయం మీద కప్పిన గుడ్డ అని అప్పుడు నాకు తెలియదు. కొంచెం తెలుసేమో కూడా.

బోనాల చుట్టాలు వెళ్లిపోయిన మర్నాడు చాలా రోజుల తర్వాత ఎండ కాసింది. నాకు సెలవు. పరుపులు మిద్దె మీద ఆరేద్దామని అమ్మ నా పరుపు ఎత్తింది. కింద కాగితం. “ఇదేందో చూడు, దీంట్ల మన పేర్లున్నయి” అని బాపు చేతికిచ్చి, పరుపు నెత్తిన పెట్టుకొని మిద్దె ఎక్కింది.

బాపు వాటర్‌బోర్డులో పనిచేసి రిటైరయ్యాడు. మొఘల్‌పురా గల్లీల్లో నీళ్లు విడిచే వాల్వులు ఆయన చేతిలో ఉండేవి. కళ్లద్దాలు పెట్టుకొని కాగితాన్ని పై నుంచి కింది దాకా చదివాడు.

“ఏందిరా, మా మీద సూపర్‌వైజర్ అయినవా?”

“ఆఫీసు పని బాపు. ఊకె ప్రాక్టీసు.”

“ఈ సున్నలేంది?”

“నువ్వు బీపీ గోలీ ఏసుకోని రోజులు.”

వేలు పెట్టి లెక్కపెట్టాడు. “ఆరు వెట్టినవ్. తప్పు. ఎనిమిది.”

“ఇంకో రెండెక్కడివి?”

“నోట్లేసుకొని మోరీల ఊసిన.”

నాకు కోపం వచ్చింది. “మంచిగున్నప్పుడు ఏసుకుంటెనే మంచిగుంటవని ఎన్నిసార్లు చెప్పాలె బాపు?” అన్నాను. అది కౌన్సెలర్ నాతో అన్న మాటే.

“ఏసుకున్నప్పుడల్లా ముసలోన్ని అయిననని యాదికొస్తదిరా” అన్నాడు. తర్వాత బొటనవేలు కాగితం చివరికి జరిపాడు. “అందరియి నింపినవ్. నీ పేరు కింద ఎనిమిదీ పది కాడ ఖాళీ గడి చుట్టూ గీత గీసినవ్. గిదేంది?”

పొద్దున ఎనిమిదీ పది ఆయన గోలీ టైమ్. ఆ సమయంలో అమ్మ వంటింట్లో ఉంటుంది. మూడు వారాల్లో నాకు దొరికిన పది నిమిషాలు అవే, కానీ వాటిలో బాపు ఉన్నాడు.

“నాకూ ఒక గోలీ ఉన్నది బాపు. రోజూ ఏసుకోవాలె.”

“ఇచ్చి ఎన్ని రోజులైంది?”

“ఇరవై రెండు.”

“ఇరవై రెండు రోజులు నీళ్లియ్యకపోతే మొఘల్‌పురల నన్ను గల్లీ దాటనిస్తుండిరా?” అన్నాడు. నేను నవ్వలేదు. అది చూసి ఆయన కళ్లద్దాలు తీశాడు. “ఏం గోలీ?”

చెప్పాను. అంత చిన్న గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. మిద్దె మీద అమ్మ కట్టెతో పరుపును కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. బాపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

“పానానికి…”

“గోలీ ఏసుకుంటే ఏం కాదు.”

“మరి?”

టూల్ బ్యాగులోంచి మూత విప్పని సీసా తీసి ఆయన ముందు పెట్టాను.

“మీ అమ్మకు నేను చెప్ప. నువ్వే చెప్పాలె” అని లేచి వెళ్లిపోయాడు.  మర్నాడు పొద్దున చెప్పులేసుకొని గడపలో నిలబడి, “ఏ దవాఖాన?” అన్నాడు.

కౌన్సెలర్ చెప్పిందంతా ఆయన తలవంచుకొని విన్నాడు. చివర్లో ఒక్కటే అడిగాడు. “వీళ్లు తాగిన గిలాసల మేము తాగొచ్చునా అమ్మా?” నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

“తాగొచ్చు. కలిసి తినొచ్చు. గట్ల ఏం రాదు” అంది. ఆయన ముఖం చూసి మళ్లీ చెప్పింది.

ఆ తర్వాతి రోజు ఎనిమిదీ పదికి బాపు చెంబులోంచి గ్లాసులో నీళ్లు వంచుకొని, తన గోలీ నోట్లో వేసుకొని, ఒక గుక్క తాగాడు. అలమార వైపు చూశాడు. అక్కడ ఇంకా ఐదు గ్లాసులున్నాయి. లేవలేదు. చెంబులో మిగిలిన నీళ్లన్నీ అదే గ్లాసులో వంచి బల్ల మీద నా వైపు జరిపాడు. చేతికివ్వలేదు. అది కూడా చూశాను. శ్రావణం రావడానికి ఇంకా రెండు రోజులున్నాయి. సీసా మూత తిప్పాను. గోలీ నేను అనుకున్నంత పెద్దదేమీ కాదు. మింగాను.

“నోరు తెరువ్” అన్నాడు, నాలుక తిప్పలేనట్టు.

“ముందు నువ్వు తెరువ్. నాలుక లేపు.”

లేపాడు. కింద ఆయన గోలీ, సగం కరిగి, తెల్లగా అట్లాగే ఉంది.

“బాపు.”

ఆయన నా వైపు చూశాడు. నీళ్లున్నది నా చేతిలోని గ్లాసులోనే. దాన్ని తీసుకొని, నేను మిగిల్చిన రెండు గుక్కలు తాగి, గోలీ మింగాడు.

“ఏంది పొద్దుగాల్నె మీ ఇద్దరి లొల్లి?” అని వంటింట్లోంచి అమ్మ అడిగింది.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నేను సీసాను మళ్లీ టూల్ బ్యాగులో, స్క్రూల డబ్బా పక్కన పెట్టాను.