రాకుమారుడు లాభం అనడట

నేను పుట్టి పెరిగింది మద్రాసులో. చదువు కాగానే ఒక సినిమా కంపెనీలో కథలు చూసే పనిలో చేరాను. చేరీ చేరగానే ఒక పెద్ద జానపద నవల నా నెత్తిన పడింది. రాసినాయన జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు నడిపే పెద్దాయన, మాకు దూరపు చుట్టం. తాతగారూ అని పిలిచేవాణ్ణి. అదే నా కొంప ముంచింది. "మీ తాతేగా, మార్పులన్నిటికీ నువ్వే ఒప్పించుకురా" అని డైరెక్టరుగారు నన్ను రైలెక్కించారు.

నవల ఇటుకంత లావు. భూమ్మీది ధాన్యమంతా ఒక రాక్షసుడు ఎత్తుకుపోయి గుహలో దాస్తాడు. కొట్టు నడుపుకునే కుర్రాడొకడు గింజలు కొలిచే కుంచం చంకన పెట్టుకుని కొండలూ సముద్రాలూ దాటి అక్కడికి వెళ్తాడు. కత్తి లేదు, మంత్రం లేదు. "నీ రాశి నేను కొలుస్తా. నువ్వూ నాతోపాటు లెక్కపెట్టు. లెక్క తప్పావో, గింజలన్నీ నావి" అని పందెం వేస్తాడు. ఇక పేజీలకు పేజీలు కొలుస్తూనే ఉంటాడు. నాకు ఆవులింతలు వచ్చాయి. పేటలో మాత్రం ఆ పేజీలు నోటికి అప్పజెప్పేవాళ్లున్నారు.

నందిగామలో మా బాబాయి నూనె మిల్లులో ఫోనుంది కాబట్టి అక్కడ దిగాను. పొద్దున లేస్తే ఫోను నా చేతిలోనే. పిన్ని నా అన్నం కంచం కూడా ఫోను దగ్గరికే పంపేది. ట్రంకు కాల్ దొరికితే డైరెక్టరుగారు ఒక మార్పు చెప్పేవారు. అది పట్టుకుని బొగ్గుతో నడిచే బస్సులో పేటకు పరిగెత్తాలి. తిరిగొచ్చేటప్పుడు పక్క సంస్థానంలో గొడవలకు పారిపోయి వస్తున్న జనంతో బస్సులో కాలు పెట్టే చోటుండేది కాదు. దారిలో చిల్లకల్లు రాగానే బొయిలరు చల్లారేది. డ్రైవరు దిగి బొగ్గులు కెలుకుతుంటే నేను రోడ్డు మీద నిలబడి పళ్లు నూరుకునేవాణ్ణి.

ఇంత చేసి వెళ్తే, పెద్దాయన కాటా ముందు నుంచి కదిలేవాడు కాదు.

"తాతగారూ, హీరో కొట్టు కుర్రాడైతే జనం చూడరంటున్నారండి. రాకుమారుణ్ణి చేస్తారట."

"చేసుకోండి."

"రెక్కల గుర్రం కూడా పెడతారట."

"మేత ఎవరేస్తారో కనుక్కో. పెట్టుకోండి."

"వాళ్లమ్మ పాత్ర తీసేసి రెండు డాన్సులు..."

"అమ్మ బదులు డాన్సులా? కానివ్వండి."

నాకు ఒళ్లు మండిపోయింది. పోట్లాటకు సిద్ధమై వచ్చినవాడికి ఎదుటివాడు చేతులెత్తేస్తే ఎలా ఉంటుంది! "అన్నిటికీ కానివ్వమంటే ఎట్లాగండీ? రాసింది మీరేనా?" అని అరిచాను.

ఆయన తాపీగా జొన్నల గోతంలోకి కుంచం దించాడు. "కొలత ఉంచండి, చాలు. మా నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన కొలత అది. దాని కోసమే మిగతాదంతా రాశా." కుంచం ఎత్తి ఎదురుగా ఉన్న మనిషి సంచిలో పోస్తూ "లాభం" అన్నాడు. తర్వాత "రెండు", "మూడు". మొదటి కుంచాన్ని ఒకటి అనరు, శుభమని లాభం అంటారు. గింజలు కొలిచే ఏ ఇంట్లోనైనా అంతే. "మీ రాకుమారుడికి ఇది నేర్పించు. గుర్రం ఎట్లా ఎగిరినా నాకేం కాదు."

మాటిచ్చాను. డైలాగు నేనే రాసి మద్రాసుకు పంపాను. నాలుగోనాడు ఫోను మోగింది.

"లాభం ఏంటయ్యా, లాభం?" డైరెక్టరుగారు.

"మొదటి కుంచం అండి. అట్లాగే అంటారండి."

"కొట్టువాడైతే అంటాడు. మనవాడు రాకుమారుడు! రాజుగారి కొడుకు జొన్నలు కొలవడమే ఎక్కువ. పైగా లాభం అంటే జనం పడీ పడీ నవ్వుతారు."

"రాకుమారుణ్ణి చేసింది మీరేగా!"

"నువ్వు ఒప్పించుకొచ్చావుగా!"

మిల్లు కూలీలు పని ఆపి చూసేంతగా అరిచాను. చివరికి ఆయన "సరేలేవయ్యా, అనిపిస్తా" అన్నారు. అది నమ్మాను.

సినిమా తయారై, తిరిగి తిరిగి పేటకు వచ్చింది. టూరింగు టాకీసు డేరాలో బెంచీలన్నీ కొట్లవాళ్లే. నేనూ మద్రాసు నుంచి వచ్చి పెద్దాయన పక్కన కూర్చున్నాను. గుర్రం ఎగిరింది, తాళ్లు కనబడ్డాయి. డాన్సులయ్యాయి. గుహ వచ్చింది. కిరీటం పెట్టుకున్న హీరో కుంచం నింపి, ఛాతీ విరిచి, "ఒకటి!" అన్నాడు.

డేరా ఘొల్లుమంది.

"ఓరి దరిద్రుడా! లాభం అనరా!"

"ఇంకేం గెలుస్తాడు? రాక్షసుడికే ఇచ్చెయ్ రాశి!"

"వీడికి కుంచం ఎవడిచ్చాడ్రా?"

పెద్దాయన లేచి కండువా దులుపుకుని బయటికి నడిచాడు. వెంటపడ్డాను. "నేను రాసింది అది కాదండి! నాకు మాటిచ్చి మోసం చేశారండి!" ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. "ఉంచమన్నది ఆ ఒక్కటేగా నాయనా" అని మాత్రం అన్నాడు.

మర్నాడు సాయంత్రం కొట్టు పెందలాడే కట్టేసి ఆయనే మళ్లీ డేరాకు వచ్చాడు. నాకు అర్థం కాలేదు. గుహ రాగానే ముందు బెంచీలో లేచి నిలబడ్డాడు. హీరో నోరు తెరవబోయేలోగా, బజారు ఆ చివరికి వినబడే కొట్టు గొంతుతో "లాభం!" అన్నాడు. హీరో అన్నది ఎవరికీ వినబడలేదు. డేరా మొత్తం "రెండు!" అంది. "మూడు!" అంది. రాక్షసుడు లెక్క తప్పేదాకా జనం ఆపలేదు. పెద్దాయన కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. సినిమా ఉన్నన్నాళ్లూ రోజూ అదే సీను వేళకు వచ్చి, కొలిచి వెళ్లిపోయేవాడు.

నందిగామ వెళ్లి ట్రంకు కాల్ చేశాను. జరిగిందంతా ఒక్క ఊపున కక్కేశాను.

"డేరా మొత్తం అరిచిందా?" అన్నారు డైరెక్టరుగారు.

"అరిచిందండి!"

"చూశావా మరి! ఒకటి అనిపించాను కాబట్టి ఆ సీను అంత పండింది."

ఫోను ఠపీమని పెట్టేశాను. లోపల్నించి బాబాయి కేకేశాడు: "మెల్లిగా పెట్టరా, అది నాది!"