వాడకముందు ముఖం

మా అక్క పదహారేళ్లుగా చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతోంది. కిటికీ పక్క మిషను ఆమెది. నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టాలంటే పగటి వెలుతురు కావాలి. ఆమె కుట్టిన కాలరును వెనక్కి పంపిన సూపర్‌వైజరు లేడు.

ఒకరోజు ఒక ఫోటోగ్రాఫరు ఫ్యాక్టరీకి వచ్చి, ముఖానికి రాసుకునే క్రీము ప్రకటనకని అంతమందిలో ఆమెనే ఎంచుకున్నాడు. మర్నాడు అక్క ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, పౌడరు అద్దుకుని వెళ్లింది.

"ముఖం కడుక్కుని రండమ్మా. నవ్వకండి" అన్నాడతను.

సహజంగా ఉండాలి కాబోలు అనుకుంది. ఇంటికొచ్చి బావతో, "ఇకమీదట నాతో మాట్లాడాలంటే టోకెన్ తీసుకోవాలి" అని నవ్వింది.

నెల తిరక్కుండా బస్టాపులో బొమ్మ వెలిసింది. ఎడమవైపు అక్క, కింద 'వాడకముందు'. కుడివైపు ఎవరో తెల్లటి పిల్ల, కింద 'వాడాక'.

అక్క ముఖానికి ఏ జబ్బూ లేదు. అది మా అమ్మ ముఖం, నా ముఖం, వీధిలో సగంమంది ముఖం. కింద ఆ ఒక్క మాట అచ్చు వేసేదాకా అదొక లోపమని ఎవరికీ తోచలేదు. ఆ సాయంత్రం నుంచి అక్క పేరు 'ముందు' అయిపోయింది. కుళాయి దగ్గర, "ముందొదినా, బిందె జరుపు" అనేవారు. బావ కూడా పకపకా నవ్వాడు.

"నాలుగు రోజుల్లో బొమ్మ తీసేస్తార్లేవే" అన్నాడు తర్వాత.

"బొమ్మ తీసేస్తారు. ఈ మొహాన్నేం చేసుకోను?"

అదే క్రీము కొనుక్కుంది. ఎండ తగలకూడదని డబ్బా మీద రాసి ఉంటే, కిటికీ వదిలేసి చీకటి మూల మిషనుకు మారింది. కాలర్లు వంకర తిరిగాయి. సూపర్‌వైజరు రెండుసార్లు తిట్టి, మూడోసారి కుట్టుపని నుంచి తీసేసి దారాలు కత్తిరించే పనికి పంపాడు. అది కొత్తగా చేరిన పిల్లలు చేసే పని, జీతం సగం. ఆరు నెలలకు బుగ్గల మీద చర్మం పొరలుగా లేచింది.

"పారెయ్యక్కా, కాలిపోతోంది" అన్నాను.

"అన్ని పుస్తకాలు చదువుతావు, డబ్బా మీద చదవలేదురా? మొదట్లో మండుతుందని వాడే రాశాడు."

మొన్న ఫోటోగ్రాఫరు మళ్లీ కబురు పెట్టాడు. ఈసారి ఇంకా పెద్ద బొమ్మట. అక్కకు తోడు నేనూ వెళ్లాను. అతను ఆమె గడ్డం పట్టి వెలుతురుకేసి తిప్పి చూశాడు.

"లాభం లేదమ్మా. ముఖం మారిపోయింది. మాకు పనికిరారు."

"మరి కుడివైపుకి?" అని అడిగింది అక్క.

అతను కెమెరా సంచిలో సర్దుకున్నాడు.

తిరిగొస్తూ దారిలో మిఠాయి కొంది. కుళాయి దగ్గర అందరినీ పిలిచి పంచింది. "వద్దన్నారే నన్ను! ఎడమవైపుకి పనికిరానంట!"

"అదృష్టవంతురాలివమ్మా" అంది పక్కింటి అత్త, నోట్లో మిఠాయి పెట్టుకుంటూ.

అక్క నవ్వింది. నవ్వేసరికి పొర లేచిన బుగ్గ చిట్లి నెత్తురు వచ్చింది. దాన్ని చేత్తో అద్దుకుంటూనే నవ్వుతోంది.