తాత పీఎఫ్ పైసలతో కొన్న ఇల్లు

నా చిన్నప్పుడు, ఇటువైపు ఎయిర్‌పోర్టు ఇంకా రానప్పుడు, మేము శంషాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా తాత బట్టల మిల్లులో పనిచేసి దిగిపోయాడు. వచ్చిన పీఎఫ్ పైసలు బ్యాంకులో వేసుకుని, నాయనమ్మను తీసుకుని తొండుపల్లికి పోయి, రెండు బర్రెలు పెట్టుకుని బతకాలని ఆయన ఆశ. ఆ మాట ఎత్తితే చాలు, "పాలు నువ్వు పిండుతవా, నన్ను పిండుమంటవా?" అని నాయనమ్మ నవ్వేది.

ఆ వానాకాలమే ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖానలో చేర్చాం. బతకలేదు.

ఆమెను బండిలో ఇంటికి తెచ్చేసరికి ఇంటి ఓనరు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చెడ్డమనిషేం కాదు, నాకు జామకాయలు కోసిచ్చేవాడు. "లోపలికి వద్దు. ఇంట్ల పిల్ల లగ్గం పెట్టుకున్నం, ఏమనుకోకుండ్రి" అన్నాడు తల దించుకుని. మా నాయన చేతులు జోడించినా గేటు తీయలేదు.

తాత రోడ్డు పక్కన జర ఎత్తుగా ఉన్నచోట చాప పరిచాడు. నాయనమ్మను అక్కడే పడుకోబెట్టారు. తుంపర మొదలైంది. ఆమె ముఖం తడవకుండా తాత గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరు అడిగినా ఆ గొడుగు ఇవ్వలేదు. నేను ఆయన పంచె పట్టుకుని పక్కనే ఉన్నాను.

దినాలు అయినంక బ్యాంకులో ఉన్నదంతా తెచ్చి మా నాయన చేతిలో పెట్టాడు.

"ఇల్లు కొను."

"నీ ముసలితనానికి దాసుకున్నయి బాపూ. నాకొద్దు."

"మీ అమ్మను గడప లోపల పండబెట్టలేకపోయిన. నన్నన్న పండబెట్టు" అన్నాడు తాత. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే.

రెండు గదుల ఇల్లు కొన్నాం. తాత దగ్గర ఇగ ఏమీ మిగల్లేదు. మోకాళ్ల నొప్పులతోనే ఆరాంఘర్ దగ్గర ఒక గోదాములో వాచ్‌మన్‌గా కుదిరాడు. బర్రెల మాట మళ్లీ ఎత్తలేదు. ఆయన పోయినప్పుడు, కోరుకున్నట్టే, నడింట్లో మా అందరి మధ్య పడుకోబెట్టాం. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, వాచిన ఆ మోకాళ్లనే చూస్తూ ఉండిపోయాను.

మొన్న నేను రిటైరయ్యాను. నా బిడ్డ అత్తాపూర్‌లో మొదటిసారి సొంత ఇల్లు కొంటున్నదని నా పీఎఫ్‌లో సగం ఇచ్చాను. మిగతా సగం నా దగ్గరే ఉంచుకున్నాను. పిల్లలకు సొంత గడప ఉండాలని నేర్పింది తాతే. ఆ గడప కోసం ఒక ముసలి ప్రాణం మళ్లీ పని వెతుక్కోకూడదని మాత్రం ఆయన నోటితో ఎన్నడూ చెప్పలేదు. పొద్దున్నే డ్యూటీ దిగి, గోడ పట్టుకుని ఇంట్లోకి వచ్చే ఆయన్ను చూసి నాకై నేనే తెలుసుకున్నాను.