కోటలో ఉన్నదెవరు

నా పుస్తకం అచ్చయ్యాక కెనడాలో మేముండే హాలిఫాక్స్‌లోని తెలుగువాళ్లు నాకు శాలువా కప్పారు. గలీసియా ఎక్కడుందో ఆ హాల్లో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. మనవాడు ఇంగ్లీషులో పుస్తకం రాశాడు, అంతే. భోజనాల దగ్గర ఒక పెద్దాయన అడిగారు: "మీ బేస్‌మెంట్‌లో ఉండేది, ఆ వరంగల్ అమ్మాయి, రాలేదేం?"

పక్కనున్నావిడ అందుకుంది. "ఎందుకొస్తుందండీ? వీళ్లేమో ఇంటి పిల్లలా చూసుకున్నారు. ఆ పిల్ల చెప్పాపెట్టకుండా టొరంటో పక్కన బ్రాంప్టన్ వెళ్లిపోయింది. ఇప్పుడొచ్చే స్టూడెంట్స్‌కి విశ్వాసం ఎక్కడిది?"

నేను పులిహోర తింటూ నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు అబద్ధం. అది చూసిన వాళ్లందరూ చదవాలని ఇది రాస్తున్నాను.

గలీసియా స్పెయిన్‌కు వాయవ్య మూల. మధ్యయుగంలో అక్కడొక కౌంట్ ఉండేవాడు. కౌంట్ అంటే రాజు కింద ఒక ప్రాంతాన్ని ఏలే ప్రభువు. ఇతను సేనలు నడిపినవాడు కూడా. రాజవంశపు పసివాడొకడు అతని ఇంట పెరిగాడు. గొప్పింటి బిడ్డను మరో గొప్పింట పెంచడం అక్కడి ఆచారం. పిల్లవాడి తల్లి రాణి. భర్త పోయాక ఆమె పొరుగు రాజును పెళ్లాడింది. పిల్లవాడి హక్కు మట్టికొట్టుకుపోతుందని కౌంట్ కత్తి దూశాడు. ఆ గొడవల్లో ఒకసారి పిల్లవాడున్న కోటను శత్రువులు చుట్టుముట్టారు. బిషప్‌తో కలిసి ఆ పసివాడికి పెద్ద చర్చిలో కిరీటం పెట్టించాడు. ఆ తర్వాత సేనతో బయలుదేరితే దారిలో సవతి తండ్రి సైన్యం మీదపడింది. కౌంట్ పట్టుబడ్డాడు. బిషప్ పిల్లవాడిని తీసుకుని తప్పించుకున్నాడు. తర్వాత ఆ కాలపు కథంతా రాయించింది కూడా బిషప్పే. కాబట్టి అందులో బిషప్ ఎప్పుడూ మంచివాడే.

గుంటూరు వాడికి ఈ కౌంట్‌తో పనేమిటని మా నాన్న చివరిదాకా అడుగుతూనే ఉన్నారు. నేను అతని మీద డాక్టరేట్ చేశాను, అతని పేరు చెప్పుకునే, టర్ముకో కాంట్రాక్టు మీద యూనివర్సిటీలో పాఠాలు చెప్పాను. పుస్తకం మాత్రం తెమల్లేదు. ఎవరైనా అడిగితే టైమ్ దొరకడం లేదనేవాణ్ణి. టైమ్ ఉంది. కొత్తగా చెప్పడానికే ఏమీ లేదు.

అప్పుడే ఊరు స్టూడెంట్స్‌తో నిండిపోవడం మొదలైంది. హార్బర్ అవతల డార్ట్‌మత్ నుంచి వచ్చే ఫెర్రీలో పొద్దున్నే తెలుగు వినిపించేది. అందరూ బిజినెస్ కోర్సులకో, కంప్యూటర్లకో వస్తుంటే ఈ వరంగల్ అమ్మాయి హిస్టరీ ఎమ్మేకి వచ్చింది. హైదరాబాద్‌లో స్పానిష్ నేర్చుకుందట. మా బేస్‌మెంట్‌లో అద్దెకు దిగింది. చలి ముదిరేసరికి మా ఆవిడ ఆమెను పైకి పిలిచి అన్నం పెట్టడం అలవాటైంది. తిన్నాక నా కాగితాలు ఆ వంటింటి బల్ల మీదే పరిచేవాళ్లం. బిషప్ రాయించిన చరిత్రను నేను లాటిన్‌లో చూస్తుంటే, ఆమె స్పానిష్ అనువాదం చదివేది.

ఒక ఆదివారం తలెత్తి అడిగింది.

"సార్, ఒక డౌట్. ఈ కోటను శత్రువులు చుట్టుముట్టినప్పుడు కౌంట్ యాడున్నడు?"

"అక్కడ లేడమ్మా."

"మరి పిల్లగాడితోని లోపల ఉన్నదెవరు?"

"అతని భార్య."

"తలుపు ఎవరికి తెరవాల్నో, ఏ షరతు మీద తెరవాల్నో చెప్పింది గూడ ఆమెనే కద సార్? మరి పిల్లగాన్ని సాదింది కౌంట్ అంటరేంది అందరు?"

స్టవ్ దగ్గర మా ఆవిడ పడీపడీ నవ్వింది. "బాగా అడిగావే! మా వాడి స్కూల్ మీటింగ్‌కి ఈయనగారు ఒక్కసారైనా వెళ్లారేమో అది కూడా అడుగు."

ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. కోట, ముట్టడి, బిషప్ రాక, అన్నీ తెలుసు. ఆ ప్రశ్న మాత్రం నాకెప్పుడూ తట్టలేదు.

ఆ చలికాలమంతా ఆ అమ్మాయి కౌంట్ కుటుంబం మఠాలకిచ్చిన దానపత్రాల వెంట పడింది. వాటిలో కౌంట్ పేరు పక్కన భార్య పేరు ఎక్కడెక్కడ ఉందో, అతను యుద్ధాల్లో ఉన్నప్పుడు ఇల్లూ కోటా భూమీ ఎవరి చేతిలో ఉన్నాయో ఒక్కొక్కటీ కూర్చింది. ఆ భార్యే లేకపోతే అతను కత్తి పట్టుకుని ఊరు దాటగలిగేవాడు కాదని తేల్చింది. నా పుస్తకంలో ఐదో అధ్యాయం అదే. చదివిన వాళ్లందరూ మెచ్చుకున్నదీ దాన్నే.

తనను రీసెర్చ్ అసిస్టెంట్‌గా రాసుకోమని డిపార్ట్‌మెంట్‌లో చెబుతారా అని ఆ అమ్మాయి ఒకసారి అడిగింది. "మనలో మనకెందుకమ్మా ఫార్మాలిటీస్? నువ్వు మా ఇంటి పిల్లవి" అన్నాను. "సరే సార్" అంది. ఇంకేమంటుంది? మా ఆవిడ చేతి అన్నం తింటూ మనిషి ఇంకేమనగలదు?

తర్వాత ఆమె టొరంటోలో పీహెచ్‌డీకి అప్లై చేసింది. నా పేరు రిఫరెన్స్‌గా ఇచ్చింది. అక్కడి ప్రొఫెసర్ ఒకావిడ నాకు ఫోన్ చేసి, పరిశోధనలో ఈ అమ్మాయికి సొంత ఆలోచన ఉందా అని అడిగింది. ఆ సీటు ఆ జవాబు మీదే ఉందని నాకు తెలుసు. నేనన్నాను: "చాలా అణకువ గల అమ్మాయి. మా కుటుంబంలో మనిషిలాంటిది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది."

 ఆవిడ థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది.

మన దగ్గర ఆడపిల్లను పొగిడే తీరే అదని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మాట అలవాటుగా నోటికి వచ్చిన మాట నిజమే. కానీ ఇరవై ఏళ్లు ఈ దేశపు యూనివర్సిటీల్లో గడిపినవాడికి, చెప్పినట్టు చేస్తుందంటే అక్కడ ఏమని అర్థం చేసుకుంటారో తెలియదా? సొంత ఆలోచన ఉంది అని ఉంటే, ఏ ఆలోచన అని అడిగేవారు. ఐదో అధ్యాయం ఆమెదని చెప్పాల్సి వచ్చేది.

సీటు రాలేదు. వర్క్ పర్మిట్ మీద బ్రాంప్టన్‌లో వేర్‌హౌస్ ఉద్యోగం చూసుకుని వెళ్లింది. చెప్పాపెట్టకుండా కాదు. "పోయొస్త సార్, పోయొస్త ఆంటీ" అని ఇద్దరికీ చెప్పే వెళ్లింది. సూట్‌కేస్ కార్లో పెట్టింది నేనే.

పుస్తకం ముందుమాటలో అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాను. ఆమె దగ్గరికొచ్చేసరికి "మా ఇంట ఉండి సాయపడిన ఒక విద్యార్థిని" అని రాశాను. శాలువాతో ఇంటికొచ్చిన రోజు మా ఆవిడ ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టింది.

"ఇంటి పిల్ల ఇంటి పిల్ల అంటారుగా. వెళ్లాక ఒక్కసారి ఫోన్ చేసి తిన్నావా అని అడిగారా? పేరు రాయడానికి కూడా చెయ్యి రాలేదా మీకు?"

మర్నాడు చేశాను. వెనక ఏదో బండి రివర్స్ అవుతున్న కూత వినిపిస్తోంది. పుస్తకం చదివానంది. మంచిగుంది అంది. నేను తప్పు ఒప్పుకున్నాను. ఆ టొరంటో ప్రొఫెసర్‌కు నిజం చెబుతాను, మళ్లీ అప్లై చెయ్యమన్నాను.

"ఇప్పుడేడ సార్? ఈడ్నే ఉండిపోయేటందుకు పీఆర్ పని నడుస్తుంది. షిఫ్ట్ లీడ్ చేసిండ్రు నన్ను. మళ్ల స్టూడెంట్‌ను కాలేను."

"అయితే రెండో ముద్రణలో ఆ అధ్యాయానికి నీ పేరు వేయిస్తా."

ఆమె నవ్వింది. "వేస్తే మళ్ల మీకే పేరొస్తది సార్, పెద్దమనసని. బిషప్ గూడ గట్లనే రాయించుకున్నడు కద. నా పేరు వద్దు. ఆ చాప్టర్ మీదికెల్లి మీ పేరు తియ్యుండ్రి, చాలు. బ్రేక్ అయిపోయింది, ఉంట."

ప్రచురణకర్తకు చెప్పాను. పుస్తకం మీద ఉన్నది ఒకే పేరు, ఒక్క అధ్యాయం నుంచి దాన్ని తీయడం కుదరదన్నారు. కావాలంటే అధ్యాయమే తీసేస్తామన్నారు. తీసేస్తే కోటలో నిలిచిన ఆ భార్య, కౌంటెస్, కూడా పోతుంది. ఏం చేయమంటావని ఆమెకు మళ్లీ రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. టొరంటో ప్రొఫెసర్‌కు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. ఆ ఏడాది ఆ సీటులో తీసుకున్న విద్యార్థి వచ్చే వసంతంలో డాక్టరేట్ పట్టా పుచ్చుకుంటున్నాడని చెప్పింది.