స్మాల్ అంటే ఎంత

నారాయణఖేడ్‌లో ఒక ప్రైవేటు బడిలో నేను ఇంగ్లిష్ చెప్తాను. చిన్న తరగతుల పిల్లలకు బిగ్ అంటే పెద్ద, స్మాల్ అంటే చిన్న అని బోర్డు మీద రాసి, ఏనుగునూ చీమనూ గీసి చూపిస్తాను. పిల్లలు గొంతు చించుకుని అరుస్తారు. నేనూ అరిపిస్తాను, జీతం తీసుకుంటున్నాను కాబట్టి. కానీ స్మాల్ అన్న మాట నాకు అస్సలు పడదు. వినపడితే చాలు, ఒళ్లు మండుతుంది.

పుస్తకంలో లేని అర్థం ఒకటి మా దగ్గర ఆ మాటకు ఉంది. ఎదుటివాడిది ఏదైనా లాక్కునేటప్పుడు దాన్ని స్మాల్ అంటారు. ఆదివారం కూడా బడికి రమ్మనాల్సి వస్తే మా కరస్పాండెంట్ "స్మాల్ వర్క్ ఉంది టీచర్" అంటాడు. దవాఖానలో సూది గుచ్చేవాడు "స్మాల్ పెయిన్" అంటాడు, నొప్పి వాడిది కాదు కదా! బస్సులో నా కాలు తొక్కి గోరు ఊడగొట్టినవాడు "స్మాల్ మిస్టేక్ మేడం" అని సీటు వెతుక్కున్నాడు. తన కాలు తొక్కితే స్మాల్ అన్నవాణ్ని మాత్రం ఇంతవరకూ చూడలేదు. లిటిల్ అన్న మాట వేరు. అందులో కాస్త ముద్దుంటుంది, మనం చిన్నోడా అని పిలుచుకున్నట్టు. స్మాల్‌లో అదేమీ లేదు, ఉత్త కొలత.

ఆ మాటను మా ఇంటి మీదికి తెచ్చినవాడు మా పెద్దబాపు కొడుకు. వరసకు అన్న కాబట్టి వాడు అనకూడదు. అంటాను. హైదరాబాద్‌లో కొన్నేళ్లు ప్లాట్లు అమ్మించే పని చేసి, నాలుగు ఇంగ్లిష్ ముక్కలు మూటగట్టుకుని వచ్చి ట్రాక్టరు కొన్నాడు. సిర్గాపూర్ దారిలో మా చేను, వాళ్ల చేను పక్కపక్కనే. మధ్యలో గెట్టు. గెట్టు మీద పుంటికూర, అదే గోంగూర, వేయడం మా వైపు అలవాటు. అది ఎవరి సొంతమూ కాదు, ఇద్దరూ తెంపుకుంటారు. వీడు వచ్చాక ప్రతి దుక్కికీ వాడి నాగలి ఒక సాలు మా వైపు జరిగింది. పుంటికూర పోయింది, ఆ తర్వాత గెట్టే పోయింది.

అడిగితే నవ్వేవాడు. "స్మాల్ డిఫరెన్స్ చెల్లె. ట్రాక్టర్ తిప్పెటప్పుడు జర వంకర పోతది. గింత దానికి గంత లొల్లి ఏంది?"

ఆ వంకర నాగలి ఒక్కసారైనా వాళ్ల వైపు పోయి చావలేదు.

ఆ గెట్టు దగ్గరే మా బాపు సమాధి ఉంది. సిమెంటుది, మీద శిలువ. దాని పక్కన నాకంటే ముందు పుట్టి, పాలు మరవకముందే పోయిన మా అన్నది. అన్నది సమాధి అనడానికి కూడా లేదు. చేటంత మట్టి దిబ్బ, నాలుగు పక్కలా నాలుగు రాళ్లు. ఈస్టరుకు బాపు సమాధికి సున్నం వేశాక మిగిలినది అమ్మ ఆ రాళ్లకు పూసేది. బాపు దగ్గర నిలబడి ప్రార్థన చేసేది, అక్కడికి వచ్చేసరికి మాత్రం కూర్చునేది. ఏం మాట్లాడేదో నాకు తెలియదు.

మా దగ్గర ఎవరైనా పోతే గుంత తవ్వేవాళ్లకు కొలత ఇవ్వడానికి శవం పొడుగునా తాడు పట్టి కోస్తారు. ఆ తాడును ఆ గుంతలోనే వేస్తారు. బతికున్న మనిషికి అట్లా తాడు పట్టడం మహా అపశకునం. చిన్నప్పుడు ఆటకు పట్టినా వీపు పగిలేది. మా అన్నకు ఆ తాడు కూడా పట్టలేదట. చేతి మూరతోనే కొలిచారని అమ్మ ఒకసారి చెప్పింది.

ఈ ఎండాకాలం ఈస్టరు అయిన కొన్నాళ్లకు అమ్మా నేనూ కంది కట్టె తెచ్చుకోవడానికి చేనుకు పోయాం. దిబ్బ లేదు. అక్కడ దున్నిన మట్టి. నాలుగు రాళ్లూ మా చేనులోకి విసిరేసి ఉన్నాయి, సున్నం ఇంకా తెల్లగానే ఉంది. వాడు ట్రాక్టరు ఆపి సెల్లు చూసుకుంటున్నాడు.

మమ్మల్ని చూసి దిగాడు. "చిన్నాయన సమాధి జోలికి నేను పోలే చిన్నమ్మా. గిది స్మాల్ గదా, కనవడలే. జర అటు పక్కకు పెట్టుకుందం, ఏమైతది?"

"ఏంది స్మాల్? నీ బుద్ధా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయదగినవి కావు. బడిలో పిల్లలు వింటే నా ఉద్యోగం పోయేది. వాడు నాతో సమానంగా అరిచాడు. అమ్మ మాత్రం దున్నిన చోట కూర్చుని మట్టిని చేత్తో సర్దుతూ ఉంది. అది చూస్తే నాకు వాణ్ని చంపాలనిపించింది.

అమ్మ లేచింది. కట్టె మోపు కట్టడానికి తెచ్చిన తాడు విప్పింది.

"ఇట్ల రా బిడ్డా" అంది వాడితో.

పెద్దమనిషి రాజీకి వచ్చిందనుకున్నాడేమో, వచ్చాడు.

"నిలవడు."

నిలబడ్డాడు. అమ్మ వంగి తాడు కొసను వాడి మడమ దగ్గర పెట్టి కాలితో తొక్కిపట్టింది. రెండో చేత్తో తాడును వాడి వీపు మీదుగా నడినెత్తి దాకా లాగింది. అప్పుడు గానీ వాడికి అర్థం కాలేదు.

"ఏం జేస్తున్నవ్ చిన్నమ్మా!" అని ఎగిరి పక్కకు దుంకాడు. అప్పటికే అమ్మ కొలత దగ్గర వేలితో పట్టుకుని ఉంది. నడుముకు దోపుకున్న కొడవలి తీసి అక్కడికి కోసేసింది.

"నువ్వు, నా కొడుకు ఒక్క వానకాలంల పుట్టిన్రు. బతికుంటే నీ అంతే ఉంటుండె. చిన్నగున్నడని నీకు కనవడకపాయె. ఇగ కనవడతడు."

ఆ తాడును దిబ్బ ఉన్న చోటి నుంచి నేల మీద పరిచింది. అది మా చేను అంచు దాటి, పోయిన గెట్టు దాటి, వాడు దున్నుకున్న సాళ్ల మీదుగా పోయింది. తెల్ల రాళ్లు నాలుగూ నాలుగు మూలలా పెట్టింది. మధ్యలోకి నేను చేనులో దొరికిన రాళ్లన్నీ ఏరి తెచ్చాను, బరువైనవి చూసి మరీ తెచ్చాను.

హైదరాబాద్‌లో జనానికి ప్లాట్లు అంటగట్టినవాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ తాడు ఇయ్యి చిన్నమ్మా, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. అమ్మ వినిపించుకోలేదు. కొడవలి మొనతో రాళ్ల మధ్యలో మట్టి తవ్వి, తాడును చుట్టచుట్టి అందులో వేసి పూడ్చింది. వాడు చూస్తూ నిలబడ్డాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ లేదు.

కాసేపటికి వాడు ఆ రాళ్ల వరసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"పసిపోరనికి గంత పెద్దగనా?" అన్నాడు.

అమ్మ చేతుల మట్టి దులుపుకుంది.

"నీ కొలతే గద బిడ్డా."